ఆ మాట ఏ వాక్యంలో ఉంది?

లెక్కలు అర్థం చేసుకోవాలి, ఫిజిక్స్ అర్థం చేసుకోవాలి, ఇంగ్లీషు మాత్రం చూసుకుంటే చాలు. గూడవల్లి, నిడమానూరు, పోరంకి, ఈడుపుగల్లు, ఇలా విజయవాడ చుట్టూ ఇంటర్ చదువులు నడిచే ఊళ్లలో ఈ మాట అందరి నోటా వినిపిస్తుంది. చూసుకోవడం అంటే పరీక్షలు దగ్గరపడ్డాక గైడు తెరిచి పద్యానికి ఒక సమ్మరీ, కథకు ఒక నీతి, యానొటేషన్‌కు ఒక మూస బట్టీ పట్టడం. తల్లిదండ్రులు దీన్ని నమ్ముతారు. యాజమాన్యాలు దీన్ని బట్టే టైంటేబుల్ వేస్తాయి. ఇంగ్లీషు పాఠం చెప్పే మాలో కూడా చాలామంది దీనికి తలవంచారు. థీమ్ అనేది ఎవరో ఎప్పుడో తేల్చేసిన సంగతి, దాన్ని పిల్లలకు అందించడమే పాఠం చెప్పడం, ఏ వాక్యం ఆధారంగా తేల్చారన్నది వాళ్లకు అక్కర్లేదు అన్నది ఈ అభిప్రాయంలోని అసలు సారం. నేను దీన్ని ఒప్పుకోను. పిల్లల సమయం మిగులుతుందన్న పేరుతో పన్నెండేళ్ల చదువు తర్వాత కూడా వాళ్లకు చదవడం రాకుండా చేస్తున్న పద్ధతి ఇది.

ముందు యానొటేషన్ సంగతి చూద్దాం. మన ఇంటర్ ఇంగ్లీషు పేపర్లో ఆ ప్రశ్న ఏళ్ల తరబడి ఉంటూ వచ్చింది. పాఠంలోంచో పద్యంలోంచో ఒక ముక్క ఇచ్చి వివరించమంటారు. 4 మార్కులు. ఆ ప్రశ్న వెనక ఉద్దేశం చాలా గొప్పది. ఈ మాట ఎవరు ఎవరితో అన్నారు, ఏ స్థితిలో అన్నారు, ఇది ఇక్కడ లేకపోతే రచనలో ఏం పోతుంది అని పిల్లవాడు ఆలోచించాలి. తెలుగు పేపర్లో సందర్భసహిత వ్యాఖ్య అడిగేదీ అదే. దాన్ని మనం మూడు గళ్లు చేసి, మూడింటిలోనూ ముందే వాక్యాలు పోసిపెట్టాం. మొదటి గడిలో ఈ పంక్తులు ఫలానా పద్యంలోవి, రాసింది ఫలానా కవి. నడిమి గడిలో గైడు సమ్మరీలోంచి రెండు వాక్యాలు. చివరి గడిలో కవి ఇక్కడ జీవిత సత్యాన్ని హృద్యంగా చెప్పాడు. ఆ చివరి వాక్యం లోకంలో ఏ పద్యం కిందైనా రాయవచ్చు. ఏ పద్యానికైనా సరిపోయేది ఈ పద్యం గురించి ఏమీ చెప్పనట్టే. అయినా దానికి మార్కు పడుతుంది. పాఠాన్ని ఆధారం చేసుకుని ఆలోచించమని పెట్టిన ప్రశ్నను పాఠం తెరవకుండానే జవాబు రాయగలిగే ప్రశ్నగా మార్చుకున్నాం.

గైడు చెప్పిన థీమ్ తప్పేమీ కాదు కదా, ముందే తెలిస్తే నష్టమేమిటి అని అడుగుతారు. ఒక కథ పట్టుకుని మాట్లాడదాం. సీబీఎస్ఈ పదో తరగతి ‘ఫస్ట్ ఫ్లైట్’ పుస్తకంలో మొదటి పాఠం ‘ఎ లెటర్ టు గాడ్’. మెక్సికో రచయిత గ్రెగోరియో లోపెజ్ ఇ ఫుయెంతెస్ కథ. లెంచో అనే రైతు పంట చేతికొచ్చే వేళ వాన కోసం ఎదురుచూస్తాడు. వాన వస్తుంది, వెంటనే వడగళ్లుగా మారి గంటసేపు కురిసి చేను మొత్తం తుడిచిపెడుతుంది. అతను దేవుడికి ఉత్తరం రాస్తాడు. మళ్లీ విత్తుకోవడానికి, పంట వచ్చేదాకా బతకడానికి 100 పెసోలు పంపమంటాడు. ఆ ఉత్తరం చూసిన పోస్టుమాస్టరు మొదట నవ్వి, తర్వాత ఆ నమ్మకానికి కదిలిపోయి, తన జీతంలోంచి కొంత, సిబ్బంది దగ్గరా స్నేహితుల దగ్గరా కొంత పోగుచేసి, దేవుడు అని సంతకం పెట్టి పంపుతాడు. చేరింది 70. లెంచో లెక్కపెట్టుకుని కోపంతో మరో ఉత్తరం రాస్తాడు. మిగతా డబ్బు పంపు, పోస్టులో మాత్రం పంపకు, ఇక్కడి ఉద్యోగులు దొంగలు అన్నది దాని సారాంశం.

చాలా గైడ్లలో థీమ్ దగ్గర ఉండేది ఒకటే: దేవుడి మీద చెక్కుచెదరని విశ్వాసం. మొదటి ఇబ్బంది ఏమిటంటే, విశ్వాసం అన్నది థీమే కాదు. అది కథ దేని గురించో చెప్పే మాట. విశ్వాసం గురించి ఈ కథ ఏమంటోందో చెప్పాలంటే పూర్తి వాక్యం కావాలి. ఆ వాక్యం కట్టడానికి కథలోకి వెళ్లక తప్పదు.

వెళ్దాం. లోయ మొత్తానికి ఒకే ఒక్క ఇల్లు అని కథ మొదలవుతుంది. ఎందుకు? ఊరి మధ్య ఇల్లు పెట్టినా వడగళ్లు పడతాయి, పంట పోతుంది. ఇరుగుపొరుగు లేని మనిషిని రచయిత కావాలనే ఎంచుకున్నాడు. కాస్త ముందుకు వెళితే వాన చినుకుల్ని లెంచో కొత్త నాణేలంటాడు. పెద్దవి పది సెంట్లవి, చిన్నవి అయిదు సెంట్లవి. కాసేపటికి పడే వడగళ్లు కూడా కొత్త వెండి నాణేల్లా ఉన్నాయని ఈసారి కథకుడే అంటాడు. ఆకాశం నుంచి పడేదాన్ని డబ్బుగా లెక్కపెట్టే అలవాటు లెంచోకు ఉత్తరం రాయడానికి ముందు నుంచే ఉంది. కథ చివర అతను లెక్కపెట్టేది నిజం డబ్బు. కవరు అందుకున్నప్పుడు అతనికి ఇసుమంత ఆశ్చర్యం లేదు. కోపం వచ్చింది లెక్క తక్కువైనప్పుడు. పంట పోయిన రాత్రి మనకు సాయం చేసేవాళ్లే లేరని ఇంట్లో అనుకున్న మాట ఒకటుంది. ఆ మాట అబద్ధమని పోస్టాఫీసులో పోగైన ప్రతి నాణెం చెబుతోంది. లెంచోకు మాత్రం ఆ సంగతి ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే పోస్టుమాస్టరు దేవుడి సంతకం పెట్టాడు. లెంచో తనను దొంగ అనే పరిస్థితి తెచ్చింది తన చేత్తో తాను పెట్టిన ఆ సంతకమే. రెండో ఉత్తరంతో కథ ఆగిపోతుంది. పోస్టుమాస్టరు ముఖం ఎలా మారిందో రచయిత చెప్పడు, ఎవరు ఒప్పో ఎవరు తప్పో తేల్చడు.

ఇవన్నీ చూశాక పదో తరగతి పిల్ల ఇలా రాయవచ్చు: దూరాన ఉన్నదాని మీద నమ్మకం ఎంత గట్టిదైతే పక్కనున్న మనిషి మంచితనం అంతగా కనబడకుండా పోవచ్చని ఈ కథ చూపిస్తోంది. మరో పిల్లవాడు అడ్డంపడి, పోస్టుమాస్టరులో దయ పుట్టించింది ఆ నమ్మకమే కదా, తనకూ అలాంటి నమ్మకం ఉంటే బాగుండునని ఆయనే అనుకున్నాడు కదా అనవచ్చు. అతనికీ ఆధారం ఉంది. ఇద్దరిలో ఎవరి వాక్యం కథలో ఎక్కువ భాగాన్ని కలుపుకుపోతోంది, ఎవరి వాక్యం ఏ మాట దగ్గర తడబడుతోంది అని తరగతి తర్కించాలి. ఇద్దరూ గైడు చెప్పిన విశ్వాసం దగ్గరే ఉన్నారు గమనించండి. గైడు వాళ్లకు దక్కకుండా చేసింది ఆ తర్వాతి ప్రయాణం మొత్తాన్ని.

ఈ కథను మన డెల్టాలో చదవడంలో ఇంకో విశేషం ఉంది. వడగళ్లతో చేను ఉప్పు పరిచినట్టు తెల్లగా అయిపోయిందని కథలో ఒక పోలిక ఉంది. అవనిగడ్డ నుంచో నాగాయలంక నుంచో కోడూరు నుంచో వచ్చిన పిల్లలు ఆ మాట దగ్గర ఆగుతారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో పది వేల మందికి పైగా ప్రాణాలు తీసుకుంది, పొలాల మీదికి సముద్రాన్ని తెచ్చింది. ఉప్పు కమ్మిన చేను అంటే ఏమిటో తాతలూ నాయనమ్మలూ చెప్పిన ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు వాళ్లు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను నగరం చూసినప్పుడు, సాయం ఎవరు పంపారు, ఎవరు పంచారు, మధ్యలో ఏమైంది అన్న అనుమానాలు ఎలా పుడతాయో విజయవాడ పిల్లలు దగ్గరగా విన్నారు. లెంచో అనుమానం వాళ్లకు కొత్త కాదు. ఇంత దగ్గరి కథను పరాయి కథగా, నాలుగు పాయింట్ల సమ్మరీగా మార్చి ఇస్తున్నాం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. దివిసీమ జ్ఞాపకం ఆ పిల్లకు ఉప్పు అన్న మాట దగ్గర ఆగే చూపు ఇస్తుంది. అంతవరకే. కథ ఉప్పెన గురించి అని ఆమె రాస్తే ఒప్పుకోకూడదు, ఎందుకంటే కథలో సముద్రం లేదు. అనుభవం చూపిస్తుంది, రుజువు మాత్రం పాఠమే ఇవ్వాలి. ఈ తేడా తెలియని సానుభూతి పాఠాలు కూడా నాకు గిట్టవు. నీకేమనిపించిందో రాయమ్మా, ఏదైనా కరెక్టే అని కొందరు కొత్త తరహా బడుల్లో చెబుతున్నారు. గైడు ఒక చివర అయితే ఇది మరో చివర. రెండు చోట్లా పుస్తకం మూసే ఉంటుంది.

ఏదైనా కరెక్టే అనేవాళ్లకు కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ చేసిన పని గుర్తుచేయాలి. ఆయన కవుల పేర్లూ కాలాలూ తీసేసి విద్యార్థులకు పద్యాలు పంచి, చదివి అభిప్రాయం రాయమన్నాడు. ఆ జవాబులను విశ్లేషించి 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ అచ్చువేశాడు. మంచి బడుల్లో చదువుకుని వచ్చిన ఆ పిల్లలు పద్యంలో ఉన్న మామూలు అర్థాన్ని కూడా చాలాచోట్ల అందుకోలేకపోయారు. ముందే మనసులో ఉన్న భావాల్ని పద్యం మీద రుద్దారు. ఇంగ్లీషు మాతృభాష అయినంత మాత్రాన చదవడం వచ్చేయదని, అది విడిగా నేర్పాల్సిన విద్య అని ఆ పుస్తకం తర్వాత లోకానికి గట్టిగా తెలిసింది. మన పిల్లలకు ఇంగ్లీషు రాదు కాబట్టి సాహిత్యం చదవలేరు అనే వాదన అక్కడే సగం కూలిపోతుంది.

దూరం వెళ్లకుండా క్షేత్రయ్య ఊరు మొవ్వ దగ్గరే ఆగినా చాలు. క్షేత్రయ్య పదాన్ని అభినయించే కూచిపూడి కళాకారిణి ఒక్క పాదానికి పది రకాల సంచారులు చేస్తుంది. నాయికను కోపంగా చూపిస్తుంది, మరుక్షణం బేలగా చూపిస్తుంది, పాత ముచ్చట తలుచుకుంటున్నట్టు చూపిస్తుంది. ఎంత విస్తరించినా ప్రతిసారీ ఆ పాదంలోని మాట దగ్గరికే రావాలి. మాట ఒప్పుకోని అభినయం చేస్తే ముందు వరసలో కూర్చున్న పెద్దలు ముఖం చిట్లిస్తారు. ఒకటే అర్థం అని కట్టెయ్యకుండా, ఏ అర్థమైనా సరే అని వదిలెయ్యకుండా మాటను పట్టుకునే పద్ధతి ఈ నేల మీద వందల ఏళ్లుగా ఉంది.

కానీ నాకు ఎక్కువగా ఎదురయ్యే ఆక్షేపణ వేరు. థీమ్, ఎవిడెన్స్ అనేవి అమెరికా బడుల గొడవ, మన చదువుకు అతకవు అంటారు. అక్కడ స్థిరపడిన మనవాళ్ల పిల్లలు ఆరో తరగతి నుంచే కథ చదివి ఆధార వాక్యం చూపించాల్సి రావడం, అది చూసి వచ్చిన బంధువులు ఇక్కడ చెప్పడం ఈ అపోహకు కారణం కావచ్చు. నిజానికి ఆధారం లేనిదే ఒక్క మాట రాయనని, అవసరం లేనిది చెప్పనని వ్యాఖ్యానం మొదట్లోనే ప్రతిజ్ఞ చేసినవాడు కోలాచలం మల్లినాథసూరి. మెదక్ సీమ వాడు, కాళిదాస కావ్యాలకు ఆయన వ్యాఖ్యలే ఇప్పటికీ దిక్కు. అంతకుముందే మన మీమాంసకులు ఒక గ్రంథం మొత్తం ఏం చెబుతోందో నిర్ణయించడానికి ఆరు గుర్తులు పెట్టారు. ఆరంభం ముగింపుల పొందిక, మళ్లీ మళ్లీ వచ్చే మాట, మరెక్కడా దొరకని కొత్త సంగతి, చివరికి దక్కే ఫలితం, రచన దేన్ని పొగిడింది దేన్ని తక్కువ చేసింది, వీటన్నిటినీ నిలబెట్టే యుక్తి. ఇందాక లెంచో కథలో చేసింది ఇదే. ఒంటరి ఇంటితో మొదలై ఒంటరివాడి ఉత్తరంతో ముగియడం మొదటి గుర్తు. నాణేల పోలిక తిరిగి తిరిగి రావడం రెండోది. దేవుడికి తపాలా అన్నది మూడోది. 70 పెసోలు, ఒక నింద అన్నవి ఫలితం. పోస్టుమాస్టరు ఆ నమ్మకాన్ని మెచ్చుకోవడం అయిదోది. గుర్తుల్ని వేదవాక్యాల కోసం పెట్టుకున్నారు నిజమే, కానీ పద్ధతి మాత్రం ఏ కథకైనా పనికొచ్చేదే. తాత్పర్యం అంటే పద్యం కింద అచ్చువేసి ఉండే పేరా అని నమ్మే స్థితికి మనం వచ్చాం. ఒకప్పుడు అది వాదించి నెగ్గాల్సిన నిర్ణయం.

ఆధునిక కాలంలోనూ మనకు ఆ దారి తెలిసినవాళ్లున్నారు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ‘కవిత్వ తత్త్వ విచారము’ రాసి, పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ ఎందుకు గొప్పదో, ఎక్కడ లోటుపడిందో గ్రంథం చూపించి మరీ వాదించారు. ఆయనతో ఒప్పుకోనివాళ్లకు కూడా గ్రంథం తెరవక తప్పలేదు. 1926లో బెజవాడ కేంద్రంగానే మొదలైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి వైస్ చాన్సలర్ ఆయనే. మాచవరం ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో ఏళ్ల తరబడి పాఠం చెప్పిన విశ్వనాథ సత్యనారాయణ నన్నయ మీద, ‘శాకుంతలం’ మీద విడివిడిగా విమర్శ గ్రంథాలే రాశారు. కాళిదాసు ఒక మాట అక్కడే ఎందుకు వేశాడన్న విచారణ ఒక పుస్తకానికి సరిపడా సాగింది. అదే నగరంలో ఇవాళ ఒక పద్యానికి ఆరు వాక్యాలు బట్టీ పట్టించి పంపుతున్నాం.

గైడు థీమ్ అచ్చంగా తప్పయిన సందర్భాలూ ఉన్నాయి. రాబర్ట్ ఫ్రాస్ట్ ‘ద రోడ్ నాట్ టేకెన్’ సీబీఎస్ఈ ‘బీహైవ్’ పాఠ్యపుస్తకంలో ఉంది. ఎవరూ నడవని దారి ఎంచుకున్నవాడే గెలుస్తాడన్నది దాని సారమని మోటివేషన్ ఉపన్యాసాల్లో చెబుతుంటారు. పద్యం తెరిస్తే రెండు దారులూ దాదాపు ఒకేలా అరిగి ఉన్నాయని, ఆ ఉదయం రెండింటి మీదా ఆకులు ఒకేలా పరుచుకున్నాయని మాట్లాడేవాడే ఒప్పుకుంటాడు. తాను తక్కువమంది నడిచిన దారి పట్టానన్న మాట ఎన్నో ఏళ్ల తర్వాత, నిట్టూరుస్తూ చెప్పబోయే కథ. జరిగినదానికీ తర్వాత చెప్పుకునేదానికీ మధ్య ఉన్న తేడా ఆ పద్యానికి ప్రాణం. నిట్టూర్పు అన్న మాట మీద వేలు పెట్టి ఇది గెలిచినవాడి గొంతేనా అని అడిగే పిల్ల ఒక్కతి తరగతిలో ఉంటే చాలు, ఆ ఉపన్యాసం నిలవదు. ఆ పిల్ల అడగకుండా మనమే చేస్తున్నాం.

పల్లెటూళ్ల నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలతో ఇదంతా అయ్యే పనేనా? ఇది నిజాయితీతో అడిగే ప్రశ్న, దీనికి జవాబు చెప్పాలి. రాని భాషలో రెండు పేజీల వ్యాసాన్ని కామాలతో సహా కంఠస్థం చేయడం సులువనీ, ఒక పేజీ కథను మూడుసార్లు చదివి ఒక వాక్యం ఎంచుకోవడం కష్టమనీ మనం ఎలా తేల్చాం? నిజం దానికి తలకిందులు. ఆధారం వెతకడానికి ధారాళమైన ఇంగ్లీషు అక్కర్లేదు. అడగాల్సిన ప్రశ్నలు చిన్నవి. లెంచో దేవుణ్ణి నమ్మాడా, లెక్కను నమ్మాడా? పోస్టుమాస్టరు చేసింది మేలా, మోసమా? తరగతిలో చర్చంతా తెలుగులో నడవనివ్వండి. వేలు మాత్రం ఇంగ్లీషు వాక్యం మీద ఉండాలి. ఆ తర్వాత రాయాల్సింది మూడు వాక్యాలే: నేననుకుంటున్నది ఇది, కథలో ఫలానా చోట ఇలా ఉంది, అది నా మాటను ఇలా నిలబెడుతోంది. మూడోది రాయడమే అసలు శ్రమ. పుస్తకంలోంచి వాక్యం ఎత్తి పెట్టేసి ఊరుకుంటే ఆధారం చూపినట్టు కాదు. ఆ వాక్యానికీ తన మాటకీ ముడి ఏమిటో చెప్పాలి. ఆ ముడి వేయడం వచ్చాక, నీ మాటకు ఎదురుతిరిగే వాక్యం కూడా ఒకటి వెతుకు అనాలి. వ్యాకరణం తప్పులుంటే దిద్దుకోవచ్చు. సొంతంగా కట్టిన తప్పుల వాక్యం దిద్దితే బాగుపడుతుంది. బట్టీ పట్టిన ఒప్పుల వాక్యాన్ని ఏం దిద్దుతాం?

టైం లేదంటారు. స్టడీ అవర్లన్నీ ఎంట్రన్స్ బిట్లకే పోతున్నాయి, ఇంగ్లీషుకు వారానికి ఒకటో రెండో పీరియడ్లు దొరికితే గొప్ప. నేను కాదనను. కానీ ఆ ఒక్క పీరియడ్‌లో చేస్తున్నది ఏమిటి? గైడులో ఉన్నదాన్ని బోర్డు మీద రాయించడం. పిల్లవాడి దగ్గరే ఉన్న పుస్తకాన్ని మళ్లీ రాయించడానికి ఉన్న ఆ కాస్త సమయమూ ఖర్చవుతోంది. మార్కుల భయం కూడా అలాంటిదే. మూస జవాబు లేకపోతే వాల్యుయేషన్‌లో మార్కులు తెగుతాయన్నది ఒక నమ్మకం. ఒకే పేరాను కట్టల కొద్దీ పేపర్లలో చదివి అలసిన ఎగ్జామినరు, సొంత మాటలో పాఠాన్ని పట్టుకున్న జవాబు ఒకటి కనిపిస్తే ఊపిరి పీల్చుకుంటారు, మార్కులు కోయరు.

ఇంజినీరింగుకు వెళ్లే పిల్లలకు ఇవన్నీ ఎందుకు అనే తండ్రికి సాధారణంగా ఇచ్చే జవాబు నాకు నచ్చదు. జీఆర్ఈలో పనికొస్తుంది, ఇంటర్వ్యూలో పనికొస్తుంది అని బతిమాలుతాం. పనికొస్తుంది, నిజమే. కానీ కృష్ణకు అవతలి ఒడ్డున జరిగింది గుర్తుచేసుకోండి. 2015లో రాజధాని అమరావతి కోసం 29 గ్రామాల రైతులు 30 వేలకు పైగా ఎకరాలు ల్యాండ్ పూలింగ్‌కు ఇచ్చారు. రాజధాని మాట మారినప్పుడు వాళ్ల దగ్గర మిగిలింది కాగితాలు. ఆ ఒప్పందంలో ప్రభుత్వం ఏం రాసిచ్చింది, ఏ షరతు కింద ఏం చేస్తానంది అన్న ప్రశ్నల మీదే కోర్టులో వాదనలు సాగాయి. 2022 మార్చి 3న హైకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఆ రాతనే చేతపట్టుకుని మాట్లాడింది. ఏ వాక్యంలో ఉంది, ఆ వాక్యానికి మీరు చెప్పే అర్థం వస్తుందా అని అడగడం చేతనైనవాళ్లు ఆ ఊళ్లలో ప్రతి ఇంట్లో ఒకరు కావాల్సి వచ్చింది. బ్యాంకు అప్పు కాగితం మీదా, ఇన్సూరెన్సు పాలసీ మీదా, ఆసుపత్రిలో సంతకం పెట్టమనే పత్రం మీదా మన పిల్లలు అడగాల్సిన ప్రశ్న అదే. కథతో నేర్చుకోవడంలో సుఖం ఏమిటంటే, అక్కడ తప్పుగా చదివితే పొలం పోదు.

ఇప్పుడు ఫోన్లు వచ్చాక గైడు పద్ధతికి ఉన్న చివరి సమర్థన కూడా పోయింది. పాఠం పేరు చెబితే క్షణంలో థీమూ, సమ్మరీ, పది కొటేషన్లూ ఫోనే రాసిస్తోంది. ఆ కొటేషన్లలో కొన్ని అసలు పుస్తకంలోనే ఉండవు. నమ్మకంగా, చక్కని ఇంగ్లీషులో, లేని వాక్యాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. పుస్తకం తెరిచి ఇది ఎక్కడుంది అని వెతకడం నేర్చినవాడు పట్టుకుంటాడు. గైడును ప్రశ్నించకుండా మింగడం నేర్చినవాడు దీన్నీ అలాగే మింగుతాడు. తెచ్చిపెట్టిన థీమ్‌ను అప్పజెప్పడమే చదువైతే, ఆ పనికి ఇక బడి అక్కర్లేదు, ఇంగ్లీషు మాస్టారూ అక్కర్లేదు. తోటి ఇంగ్లీషు అధ్యాపకులు ఈ ఒక్క సంగతి మీద కోప్పడినా సరే, ఆలోచించాలని అడుగుతున్నాను.

చేయాల్సింది పెద్ద సంస్కరణేమీ కాదు. యానొటేషన్ ప్రశ్నను తీసేయనక్కర్లేదు, దాని ప్రాణం దానికి తిరిగి ఇస్తే చాలు. పాఠ్యపుస్తకంలో లేని ఒక చిన్న పద్యమో, కథలో ఒక పేజీనో ప్రశ్నపత్రంలోనే అచ్చువేయాలి. ఇది ఏం చెబుతోందో ఒక పూర్తి వాక్యంలో రాయమనాలి, దానికి 1 మార్కు. ఆ మాటను నిలబెట్టే చోట్లు రెండు చూపించి ఎలా నిలబెడుతున్నాయో చెప్పమనాలి, 2 మార్కులు. ఆ మాటకు అడ్డం వచ్చే చోటు ఒకటి చూపించమనాలి, 1 మార్కు. కవి పేరుకూ పుట్టిన ఊరికీ సున్నా. అలాంటి ప్రశ్నకు గైడు రాదు, రాయాలన్నా ఎవరికీ సాధ్యం కాదు. ఇంటర్ బోర్డు ప్రశ్నపత్రం మార్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు కూడా. వచ్చే వారం స్లిప్ టెస్ట్ పేపర్ తయారుచేసేది మనమే.